కెండ్రా వాకిట్లో బూట్లు

సెప్టెంబరు 4, బుధవారం

చూసింది చూసినట్టు ఆ రోజే రాసిపెట్టుకో ఓర్విల్, కోర్టులో పనికొస్తుంది అని మా వాలంటీర్ల పని చూసే పెగ్గీ చెప్పింది. కోర్టుకి పనికొచ్చేది వేరే కాగితాల మీద రాసి ఆమెకిస్తాను. ఇది మాత్రం నాది. నా భార్య ఐలీన్ పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. కుక్కతో మాట్లాడటం నాకు చేతకాదు.

పిల్లల కేసుల్లో కోర్టుకి వాలంటీరుగా ఉంటానని ఇవాళ జడ్జి హాల్బర్ట్ ముందు చెయ్యెత్తి ప్రమాణం చేశాను. ఈ జడ్జమ్మ తండ్రి బొగ్గుగనిలో మా మేస్త్రీ. ఆయన కింద నేను గని పైకప్పుకి బోల్టులు కొట్టాను. ఆ సంగతి ఆమెకి గుర్తుందో లేదో గానీ నన్ను చూసి తల ఊపింది. నాతోపాటు ప్రమాణం చేసినవాళ్ళంతా రిటైరైన టీచరమ్మలు. మగవాణ్ణి నేనొక్కణ్ణే.

నాకు అప్పగించిన పిల్ల పేరు జోసీ. ఎనిమిదేళ్ళు. తల్లి కెండ్రా మత్తు మాత్రలకి అలవాటు పడింది. ఆమెతో ఉండే రోడ్నీ అనేవాడు పిల్ల మణికట్టు విరిచాడు. జారిపడిందని తల్లి ఆస్పత్రిలో అబద్ధం చెప్పింది. రోడ్నీని జైల్లో పెట్టి, పిల్లని తీసుకెళ్ళి వేరేవాళ్ళ ఇంట్లో ఉంచారు. తల్లి మాత్రలు మానాలి, ఉద్యోగం చూసుకోవాలి, రోడ్నీ మళ్ళీ ఆ గడప తొక్కకూడదు. అప్పుడే పిల్లని వెనక్కి ఇస్తారు. ఫైలు లావుగా ఉంది. నా కళ్ళజోడు మార్చాల్సి ఉంది కాబట్టి పెగ్గీయే చదివి వినిపించింది.

నేను పిల్లని చూడాలి, తల్లిని చూడాలి, బళ్ళో కనుక్కోవాలి, పిల్లకి ఏది మంచిదో జడ్జికి చెప్పాలి. జీతం లేదు. పిల్లని నా ట్రక్కులో ఎక్కించుకోకూడదు. ఏమీ కొనివ్వకూడదు. ఏ మాటా ఇవ్వకూడదు.

లాయర్లు ఎవరికి పనిచేస్తే వాళ్ళ పాట పాడతారు. నాకు ఎవరూ పైస ఇవ్వరు కాబట్టి నేను నిజం చెప్పగలను. పెగ్గీ ఆ మాట చెప్పినప్పుడు నాకు నచ్చింది.

సెప్టెంబరు 11

జోసీని చూశాను. లోర్నా ప్రూయిట్ అనే ఆవిడా ఆమె భర్తా సాకుతున్నారు. మంచివాళ్ళే. సోఫా మీద ప్లాస్టిక్ తొడుగు ఇంకా తీయలేదు.

పిల్ల మెట్ల మీద కూర్చుని నా వంక చాలాసేపు చూసింది. "నీ చెవుల్లో గడ్డి మొలిచింది" అంది. నీకు మొలవలేదా అన్నాను. తడుముకుని చూసుకుంది. స్నేహం కుదిరిందనుకున్నాను, కుదరలేదు. పిల్లల సంక్షేమం చూసే ఆఫీసు నుంచి వచ్చే అమ్మాయిలు ఇప్పటికే చాలామంది మారారట. నువ్వెప్పుడు పోతావు అని అడిగింది. నీ సంగతి తేలేదాకా ఎక్కడికీ పోనన్నాను. మాట ఇవ్వకూడదన్నారు గానీ ఇది మాట ఇవ్వడం కాదు, ఉన్న సంగతి చెప్పడం.

ఆమెకి కావలసింది ఒకటే. క్రిస్మస్ లోపల ఇంటికి వెళ్ళాలి.

"నువ్వు మా అమ్మ దగ్గరికి వెళ్తావుగా తాతా. నా మంచం అక్కడే ఉందో లేదో చూడు. ఉందని అమ్మ ఫోన్లో చెప్తుంది. నువ్వు చూసి చెప్పు."

తల్లి చెప్పినా చాల్లేదు, నన్ను చూసి చెప్పమంది. గర్వంగానే అనిపించింది.

సెప్టెంబరు 20

లారెల్ వాగు వెంట పైకి వెళితే చివరిది కెండ్రా ఇల్లు. రేకుల ట్రైలరు. పక్కది ఖాళీ. అవతలిది కాలిపోయింది. కేక వేసినా వినేవాళ్ళు లేరు.

మనిషి పొట్టి, బక్కపలచన. నేను లోపలికి అడుగు పెడుతుంటే నవ్వింది. "గుమ్మం ఎత్తుగానే ఉందండీ, ఎందుకు వంగుతున్నారు? మా తాత కూడా అంతే, గని మానేశాక చర్చిలోకి కూడా వంగే వెళ్ళేవాడు" అంది. నేను వంగానని నాకు తెలియలేదు.

ముసలివాళ్ళ ఆశ్రమంలో బట్టలుతికే పని చేస్తోంది. మాత్రలు మానిందో లేదో చూసే పరీక్షలన్నీ శుభ్రంగా వచ్చాయి. మంచం ఉంది, దాని మీద ఊదారంగు దుప్పటి మడత చెదరకుండా ఉంది. వద్దంటున్నా ఉడికించిన చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె పెట్టింది. తిన్నాను. అది కొనివ్వడం కిందికి రాదు.

పిల్లని ఇంటికి పంపేయొచ్చు. పెగ్గీకి ఆ మాటే చెప్పాను.

సెప్టెంబరు 25

మంచం ఉందని జోసీకి చెప్పాను. దుప్పటి ఏ రంగు అంది. ఊదా అన్నాను. అప్పుడు నమ్మింది.

అక్టోబరు 3

రోడ్నీ పోయిన నెలే జైలు నుంచి బయటికొచ్చాడట. పెగ్గీ ఫోన్ చేసి చెప్పింది.

అక్టోబరు 17

కెండ్రా ఇంటికి చెప్పకుండా వెళ్ళాను. అలా వెళ్ళొచ్చని రూలు ఉంది.

మెట్ల పక్కన బూట్లు. మగవాడివి, ఇనుప ముక్కు ఉన్న పని బూట్లు, పెద్ద సైజు. అంచుల్లో బురద ఇంకా పచ్చిగా ఉంది. నిన్నటి వాన బురద.

ఎవరివి అని అడిగాను.

"నావే" అంది కెండ్రా.

ఆమె పాదాల వంక చూశాను. పిల్ల పాదాలంత ఉన్నాయి. నేను చూడటం ఆమే చూసింది. ఇంకేమన్నా చెబుతుందేమోనని నిలబడ్డాను. కాఫీ తాగుతారా అంది. వద్దన్నాను. మంచం సంగతి జోసీ నమ్మిందా అని అడిగింది. నమ్మిందన్నాను. ట్రక్కెక్కి వచ్చేశాను.

జీవితమంతా అలాంటి బూట్లు తొడిగినవాణ్ణి. రోజూ తొడిగే బూట్లేవో, మూల పడేసిన బూట్లేవో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ బూట్లలో మనిషి ఉన్నాడు.

అక్టోబరు 18

నావే అంది. నా మొహం మీదే.

అక్టోబరు 22

పెగ్గీకి చెప్పాను. ఇంకోసారి వెళ్ళి నెమ్మదిగా అడగకూడదూ అంది. అడిగాను, అబద్ధం చెప్పింది, అబద్ధం చెప్పినవాళ్ళని రెండోసారి అడగను అన్నాను. ఆస్పత్రిలోనూ అలాగే చెప్పింది కదా. పెగ్గీ నా మాటలే కాగితం మీద టైపు చేసింది.

నవంబరు 6, బుధవారం

కోర్టు.

తలుపు మూసిన గది. జడ్జమ్మ, ఆఫీసు అమ్మాయి, కెండ్రా, ఆమె లాయరు, పెగ్గీ, నేను. లాయరు కుర్రవాడు, ఇవాళే ఆమెని మొదటిసారి చూసినట్టు కాగితంలో పేరు వెతుక్కుని పిలిచాడు. ఆఫీసువాళ్ళు క్రిస్మస్‌కి పిల్లని ఇంటికి పంపి చూద్దామన్నారు. జడ్జమ్మకీ అదే మనసులో ఉన్నట్టుంది. అప్పుడు నన్ను లేవమంది.

ఉద్యోగం బాగుందన్నాను. పరీక్షలు బాగున్నాయన్నాను. మంచం ఉందన్నాను. బూట్ల సంగతి కూడా చెప్పాను. ఆ ఇంట్లో మగవాడు ఉంటున్నాడని మీ అభిప్రాయమా అని జడ్జమ్మ అడిగింది. అభిప్రాయం కాదమ్మా, బురద చూశాను అన్నాను.

కెండ్రా లేచింది. లాయరు చెయ్యి పట్టుకుంటున్నా కూర్చోలేదు.

"అవి ఖాళీ బూట్లమ్మా. చర్చి పాత సామాన్ల కొట్లో కొన్నాను. ఆ లోయలో ఒంటరిగా ఉంటున్నాను. ఇంట్లో మగవాడున్నాడని దారినపోయేవాళ్ళు అనుకోవాలని పెట్టాను. బురద నేనే పూస్తాను. ఆరిపోతే మళ్ళీ పూస్తాను."

మరి ఓర్విల్ టాకెట్ గారితో నావే అని ఎందుకన్నావు అని జడ్జమ్మ అడిగింది.

"డబ్బిచ్చి కొన్నాను, నావే కదమ్మా. రోడ్నీకి భయపడి పెట్టానంటే ఆ ఇల్లు పిల్లకి క్షేమం కాదంటారు. ఎవరివో అంటే మగవాణ్ణి తెచ్చుకున్నానంటారు. ఏం చెప్పమంటారు?"

 జడ్జమ్మ కళ్ళజోడు తీసి నా వైపు తిరిగింది. "టాకెట్ గారూ, ఈ మాటతో మీకు తృప్తి కలిగిందా?" అని అడిగింది.

కలగలేదమ్మా అన్నాను.

క్రిస్మస్‌కి పంపటం లేదు. దత్తత ఇచ్చే ఏర్పాట్లు కూడా పక్కన మొదలుపెట్టమని జడ్జమ్మ ఆఫీసుకి చెప్పింది. బయట వరండాలో కెండ్రా నా పక్క నుంచే వెళ్ళింది. తిడుతుందనుకున్నాను. కోటు గుండీలు పెట్టుకుంటూ మెట్లు దిగిపోయింది.

కథ బాగా అల్లింది. బురద నేనే పూస్తాను అట. ఎప్పటినుంచి సిద్ధం చేసుకుందో.

నవంబరు 13

జోసీకి ఆఫీసు అమ్మాయి ముందే చెప్పేసింది. మీ అమ్మ ఇంట్లో ఎవరో ఉన్నట్టున్నారు, ఇప్పుడే వెళ్ళడానికి లేదు అని. నేను వెళ్ళేసరికి పిల్ల మెట్ల మీద లేదు. లోర్నా పిలిస్తే వచ్చింది.

రోడ్నీ బూట్లు నువ్వు చూశావా అని అడిగింది. రోడ్నీవని నేననలేదు, మగవాడి బూట్లు చూశానన్నాను. పెద్దవా అంది. పెద్దవే అన్నాను. రోడ్నీవి పెద్దవే అంది.

తర్వాత తన గదిలోకి వెళ్ళిపోయింది. మంచం సంగతి అడగలేదు.

నవంబరు 14

నేను చూసిందే చెప్పాను.

నవంబరు 17

చర్చిలో పెగ్గీ పలకరించింది. చూసిందే చెప్పాను కదా పెగ్గీ అన్నాను. నేనేమీ అనలేదుగా ఓర్విల్ అంది.

నవంబరు 28, గురువారం

థాంక్స్‌గివింగ్. పండగ భోజనానికి చెల్లెలు వెర్నా ఇంటికి వెళ్ళాను. వెర్నా, ఆమె కూతురు, పక్కింటి ముసలమ్మ. అందరూ ఆడవాళ్ళే, నేనొక్కణ్ణి. టర్కీ కోడి కాస్త ఎండిపోయింది.

ఊరికే మాటల్లో పేర్లు ఏమీ చెప్పకుండా, ఒకావిడ కోర్టులో చెప్పిన కథ విన్నారా అని మొదలుపెట్టాను. ఖాళీ బూట్లు పెట్టుకుని వాటికి తనే బురద పూస్తుందట అని నవ్వాను. ఎవరూ నవ్వలేదు. వెర్నా చేతిలో కత్తి కింద పెట్టింది.

"మా వెనక మెట్ల మీద గోర్డన్ బూట్లు ఎందుకున్నాయనుకున్నావు అన్నయ్యా?"

గోర్డన్ ఆమె మొగుడు. పోయి చాలా ఏళ్ళయింది. ఆ బూట్లు అక్కడే ఉంటాయి. మొగుడి మీద బెంగతో తీయలేదనుకునేవాణ్ణి. ఆమె మనసు కష్టపెట్టడం ఎందుకని ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. అదే చెప్పాను.

"బెంగ ఉంటే లోపల పెట్టుకుంటాను గానీ వానలో పెడతానా?" అంది.

బురద ఎవరు పూస్తారు అని అడిగాను. నేనే, మరి దయ్యం వచ్చి పూస్తుందా అంది. పక్కింటి ముసలమ్మ తానైతే బురద పూయదట, వారానికోసారి అటుది ఇటు జరుపుతుందట, ఎవరో తొడిగి విప్పినట్టు. వెర్నా కూతురు బడి పక్కన అద్దె గదిలో ఉన్నన్నాళ్ళూ ఒక జత పెట్టుకుందట. వీళ్ళంతా నా వాళ్ళే. నాకు ఒక్కరూ చెప్పలేదేమిటి అన్నాను.

"మగాళ్ళకి చెబితే ఇక వాటిని పెట్టడం ఎందుకు?" అంది వెర్నా. తర్వాత నా మొహం చూసి, "ఆ ఒకావిడ ఎవరన్నయ్యా" అని అడిగింది.

నీకు తెలియదులే అన్నాను. గుమ్మడికాయ తీపి తినకుండా వచ్చేశాను.

నవంబరు 29

వెర్నా పెట్టుకుందని కెండ్రా కూడా అందుకే పెట్టుకుందని ఏముంది.

డిసెంబరు 2

పెగ్గీకి ఫోన్ చేయాలి.

డిసెంబరు 4

జడ్జమ్మ మళ్ళీ కూర్చునేది ఫిబ్రవరిలో. ఇప్పుడు చెప్పినా అప్పుడు చెప్పినా ఒకటే.

డిసెంబరు 9

చేయలేదు. ట్రక్కు బ్యాటరీ పోయింది. దాంతోనే సరిపోయింది.

డిసెంబరు 11

జోసీని చూడటానికి వెళ్ళాను. నిజం చెబుదామనే వెళ్ళాను. కేసు సంగతులు పిల్లతో మాట్లాడకూడదని రూలు ఉంది. లెక్కల్లో మంచి మార్కులు వచ్చాయట.

డిసెంబరు 16

పొద్దున ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఏమని మొదలుపెట్టాలి? పెగ్గీ, నాకు తెలిసిందనుకున్నది నాకు తెలియదు అనాలా? ఆ టీచరమ్మల ముందు? పండగ వెళ్ళనీ.

డిసెంబరు 25

వెర్నా పిలిచింది. జలుబని చెప్పాను.

జనవరి 8, బుధవారం

ఫోన్ నేను చేయలేదు, పెగ్గీయే చేసింది. కెండ్రా పరీక్షలో మాత్రలు బయటపడ్డాయి. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. ఆశ్రమంలో పని పోయింది. పిల్లని చూడటానికి రమ్మన్న రోజున రాలేదు.

నువ్వు ముందే పసిగట్టావు ఓర్విల్ అంది పెగ్గీ. ఆమె దాన్ని మెప్పుగానే అంది.

జనవరి 9

పెగ్గీ ఆఫీసుకి వెళ్ళి చెప్పాను. నిలబడే చెప్పాను. వెర్నా సంగతి, గోర్డన్ బూట్ల సంగతి. పెగ్గీ వింటూ వింటూ కుర్చీలో వెనక్కి వాలింది. మా అమ్మ కూడా పెట్టేది ఓర్విల్ అంది.

మరి నాకెందుకు చెప్పలేదు అన్నాను.

"నువ్వు అంత గట్టిగా చెబితే, బూట్లు నీకే బాగా తెలుసనుకున్నాను."

ఎప్పుడు తెలిసింది నీకు అని అడిగింది. ఈమధ్యే అన్నాను.

ఫిబ్రవరి 12, బుధవారం

కోర్టు. కెండ్రా వచ్చింది గానీ తల ఎత్తలేదు. కోటు విప్పలేదు. 

నన్ను ఎవరూ అడగకముందే లేచాను. ఆ బూట్ల విషయంలో నేను చెప్పింది తప్పు, ఆమె చెప్పిందే నిజం అన్నాను. జడ్జమ్మ చాలా నిదానంగా అడిగింది, ఇది మీకు ఎప్పుడు తెలిసింది టాకెట్ గారూ అని. పెగ్గీకి చెప్పినట్టే చెబుదామనుకున్నాను. చెయ్యెత్తి ప్రమాణం చేసి ఉన్నాను. థాంక్స్‌గివింగ్ నాడు అన్నాను. పెగ్గీ నా వంక చూడటం నాకు తెలుస్తూనే ఉంది.

"అప్పుడే వచ్చి ఉంటే క్రిస్మస్‌కి ముందే కూర్చునేదాన్ని" అంది జడ్జమ్మ. "ఇప్పుడు ఆ బూట్లు ఎవరివన్నది కాదు నా ముందున్న ప్రశ్న."

ఆమె ముందున్నది పరీక్షల కాగితాలు. వాటి మీద నేను చెప్పగలిగింది లేదు. తల్లి హక్కు తీసేయమని ఆఫీసు పిటిషను వేసింది. మే నెలకి వాయిదా.

ఫిబ్రవరి 15

లారెల్ వాగు పైకి వెళ్ళాను. మంచు కరగలేదు, కొంత దూరం నడవాల్సి వచ్చింది. మెట్ల పక్కన ఏమీ లేదు.

కెండ్రా తలుపు సగమే తీసింది. క్షమించమని అడగటానికి వచ్చాను అమ్మాయ్ అన్నాను. ఆ మాట నేను ఐలీన్‌తో కూడా ఎప్పుడూ అనలేదు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనా లేదు.

బూట్లేవి అని అడిగాను. ఇంకేం మాట్లాడాలో తోచక అడిగాను.

"పారేశాను. కోర్టులో నా నోటితో నేనే చెప్పానుగా, ఖాళీవని. ఆ గదిలోంచి ఊళ్ళోకి ఎలా పాకిందో ఏమో, వారం తిరక్కుండా రోడ్నీ వచ్చాడు. మెట్ల మీద కూర్చుని ఆ బూట్లు తొడుక్కుని చూసుకున్నాడు. సరిపోయాయి, నా కోసమే కొన్నావా అన్నాడు. జేబులో మాత్రలున్నాయి వాడి దగ్గర."

పోలీసులకి చెప్పలేదా అన్నాను.

"చెబితే వాడు వచ్చినట్టు కాగితం మీదికి ఎక్కదా?"

 ఆమె నవ్వింది. మొదటి రోజు నవ్విన నవ్వు కాదు.

"అవి చూసి నమ్మింది లోకంలో మీరొక్కరే ఓర్విల్ గారూ. ఎవడు నమ్మాలని పెట్టానో వాడు నమ్మలేదు."

తలుపు వేసుకుంది. లోపల ఎవరో దగ్గారు. అది ఆమె దగ్గో ఇంకొకరి దగ్గో నాకు తెలియదు. పెగ్గీకిచ్చే కాగితం మీద రాయలేదు.

మార్చి 5

జోసీ కొత్త బూట్లు వద్దందట. లోర్నా చెప్పింది. పాతవి కరుస్తున్నా అవే వేసుకుంటోందట.

మార్చి 20

ఏమీ లేదు. వాన.

ఏప్రిల్ 9

జోసీతో నిజం చెప్పేయనా అని పెగ్గీని అడిగాను. పిల్ల మనసు చూసే డాక్టరమ్మ ఉంది, ఆమె చెబుతుంది, నువ్వు తొందరపడకు అంది. సరే అన్నాను. తొందరపడకు అంటే నాకు హాయిగానే అనిపించింది, అది కూడా రాసుకోవాలి.

మే 14, బుధవారం

కెండ్రా రాలేదు. ఆమె లాయరు ఫోన్ చేస్తే ఎత్తలేదట. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. జడ్జమ్మ చదివింది. హక్కు పోయింది. ప్రూయిట్లు దత్తతకి ఒప్పుకున్నారు. నేను గని పైకప్పు కూలడం చూశాను, దానికి చప్పుడుంటుంది. ఇది కాగితం తిప్పినంత చప్పుడు.

మే 22

తల్లీ పిల్లా చివరిసారి చూసుకునే రోజు. ఆఫీసులో చిన్న గది, ఒక మూల చేపల తొట్టి. కెండ్రా వచ్చింది. జుట్టు దువ్వుకుని, ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని వచ్చింది. నన్ను తలుపు దగ్గర కూర్చోమన్నారు.

జోసీ తల్లి వైపు చూడలేదు. చేపల్ని చూస్తూ కూర్చుంది. కెండ్రా ఏవో అడిగింది, బడి గురించి, పళ్ళు ఊడిన చోటు గురించి. పిల్ల తొట్టి గాజు మీద వేలితో గీస్తూ ఉంది. చివరికి జుట్టు అల్లనా అంది. పిల్ల కదలకుండా కూర్చుంది. కెండ్రా అల్లింది. అయిపోయిందనుకుంటే విప్పి మళ్ళీ అల్లింది. ఆఫీసు అమ్మాయి గడియారం చూసింది.

కెండ్రా తన తరఫున ఒక్క మాట చెప్పుకోలేదు. నేను నీ కోసం చేశాను అనో, ఆ బూట్లు ఖాళీవి అనో. తలుపు దగ్గర కూర్చున్నవాడు చెబుతాడని ఆగిందేమో. ఆ డాక్టరమ్మ చెప్పే ఉంటుందని నేననుకున్నాను.

ఆమె వెళ్ళాక జోసీ జడ విప్పేసుకుంది.

మే 23

డాక్టరమ్మ చెప్పలేదు. ఆమె ఉద్యోగం మారి వెళ్ళిపోయిందట, కొత్తావిడ ఇంకా రాలేదట.

జూన్ 6, శుక్రవారం

ఇవాళ్టితో నా పని అయిపోయింది. కోర్టు నుంచి ధన్యవాదాల కాగితం వచ్చింది. దత్తత అయ్యాక నేను ఆ పిల్ల గడపకి వెళ్ళకూడదు, ప్రూయిట్లు పిలిస్తే తప్ప. వాళ్ళు పిలవరు. వాళ్ళ స్థానంలో నేనున్నా పిలవను.

రూలు సంగతి ఇక నాకు లేదు. లోర్నాకి ముందే చెప్పాను, పిల్లతో ఒక మాట చెప్పాలి అని. వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టింది. అరటిపండ్ల పుడ్డింగు రెండు గిన్నెల్లో పెట్టి తను వాకిట్లోకి వెళ్ళింది.

గుండ్రంగా తిప్పి చెప్పడం నాకు రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అప్పట్లో మీ అమ్మ రోడ్నీని రానివ్వలేదు. ఆ బూట్లలో ఎవరూ లేరు. మీ అమ్మ వాడికి భయపడి, వాడు రాకూడదని, నువ్వు ఇంటికి వచ్చేసరికి ఆ ఇల్లు క్షేమంగా ఉండాలని పెట్టింది. నేను చూసి తప్పుగా అనుకున్నాను. తప్పు నాది. నీకంటే ఎవరినీ ఎక్కువ చేసుకోలేదు మీ అమ్మ.

జోసీ చెంచాతో పుడ్డింగులో బిస్కట్టు ముక్కని అడుక్కి నొక్కుతూ వింది. ఏడుస్తుందనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"జడ్జమ్మకి చెప్పావా ఈ సంగతి?" అని అడిగింది.

చెప్పానన్నాను.

"చెప్పినా నన్ను ఇంటికి పంపలేదుగా. నిజమైతే పంపేది."

అది వేరే కారణం అన్నాను. ఆ తర్వాత మీ అమ్మకి ఒంట్లో బాగాలేక, అని మొదలుపెట్టి ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియక ఆగిపోయాను. ఎనిమిదేళ్ళు నిండి తొమ్మిదో ఏడు నడుస్తున్న పిల్ల. నా చేతి మీద తన చెయ్యి వేసింది, పెద్దవాళ్ళు ముసలివాళ్ళ చేతి మీద వేసినట్టు.

"నేను బాధపడకూడదని చెబుతున్నావు కదా తాతా. పర్లేదు. లోర్నా అమ్మ కూడా అలాగే చెబుతుంది. నాకు తెలుసు."

కాదు, నిజం అన్నాను. ఇంకోసారి అన్నాను. సరే అంది. నమ్మనివాళ్ళు అనే సరే అది, నవంబరులో నేనూ కెండ్రా మాట అలాగే నమ్మలేదు.

తర్వాత గిన్నె నా వైపు జరిపి, తిను, నేనే కలిపాను, లోర్నా అమ్మ పాలు మాత్రమే కాచింది అంది. తిన్నాను. బాగుందన్నాను. నిజంగా అంటున్నావా అంది. నిజంగానే అన్నాను.

ఆ మాట నమ్మింది.